పాఠకుల ప్రశ్నలు: యుద్ధం అయిపోయాక కూడా భారతం ఉంది

పోయిన సంచికలో ఒక పాఠకుడు భారతంలో మీకు బాగా నచ్చిన పర్వం ఏది అని అడిగితే స్త్రీపర్వం అని ఒక్క ముక్కలో జవాబు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి, కొందరు కోప్పడ్డారు కూడా, శోకం తప్ప ఏముందండీ అందులో అని. అందుకని ఈసారి మిగతా విషయాలు పక్కన పెట్టి భారతం ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఇంట్లో భారతం పెట్టుకుని చదువుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మా అత్తయ్యగారేమో "రామాయణం చదువుకో, భాగవతం చదువుకో, భారతం ఇంట్లో ఉంటే అన్నదమ్ముల మధ్య గొడవలొస్తాయి" అంటున్నారు. మా మరిది వాళ్ళతో పొలం పంపకాల దగ్గర ఇప్పటికే కొంచెం తేడాలున్నాయి, అందుకే నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది. — ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అత్తయ్యగారి మాట మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళ నోట వినేదే. కానీ భారతం తన గురించి తాను చెప్పుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మనకు ప్రచారంలో ఉన్న సంస్కృత ప్రతుల్లో స్వర్గారోహణ పర్వం చివర ఫలశ్రుతి, అంటే చదివితే ఏం ఫలం వస్తుందో చెప్పే భాగం ఉంటుంది, అందులో "భారతం భవనే యస్య తస్య హస్తగతో జయః" అన్నారు. ఎవరింట్లో భారతం ఉంటే వాళ్ళ చేతిలో గెలుపు ఉన్నట్టే అని. వానలు మొహం చాటేస్తే ఊళ్ళో విరాటపర్వం చదివించడం మనవాళ్ళ పాత ఆచారమే కదా, ఊరికి మేలు జరగాలని చదివించే పుస్తకం ఇంటికి కీడు చేస్తుందని నేనైతే నమ్మను.

పొలం సంగతి రాశారు కాబట్టి ఇంకో మాట. పంపకాలు నడుస్తున్న ఇంట్లో ఉద్యోగపర్వం చదవాల్సిన అవసరం మామూలు ఇళ్ళకంటే ఎక్కువ. ధర్మరాజు ఐదూళ్ళిచ్చినా చాలంటాడు, దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు, అది అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే భయం వేసేది ధృతరాష్ట్రుణ్ణి చూస్తే. నిద్ర పట్టక విదురుణ్ణి పిలిపించుకుంటాడు, విదురుడు రాత్రంతా కూర్చుని నీతి చెప్తాడు, అంతా విన్నాక ఆయన అనేదేమిటంటే, నువ్వు చెప్పినట్టే నా మనసు పాండవుల వైపే మొగ్గుతోంది గానీ దుర్యోధనుడు ఎదురుపడగానే మళ్ళీ అటు తిరిగిపోతుంది అని. ఆయనకి తెలియక కాదు, అంతా తెలుసు. పొలం గట్టు దగ్గర గొడవ పడే ప్రతి ఇంట్లోనూ ఇలా తెలిసి ఊరుకునే పెద్దమనిషి ఒకరుంటారు, మీరు చుట్టుపక్కల చూసే ఉంటారు.

అత్తయ్యగారితో మాత్రం వాదనకి దిగకండి. సాయంత్రం పూట విరాటపర్వం నుంచి మొదలుపెట్టి ఆవిడకి వినపడేలా చదవండి. విరాటరాజు కూతురు ఉత్తర తన బొమ్మలకి చీరలు కావాలని బృహన్నల వేషంలో ఉన్న అర్జునుణ్ణి అడుగుతుంది, యుద్ధంలో కౌరవవీరులు మూర్ఛపోయి పడి ఉంటే అర్జునుడు ఆ మాట గుర్తుపెట్టుకుని ఉత్తరకుమారుణ్ణి రథం దింపి వాళ్ళ వస్త్రాలు తెమ్మంటాడు, ద్రోణుడివీ కృపుడివీ తెల్లవి, కర్ణుడిది పసుపుపచ్చది, అశ్వత్థామవీ దుర్యోధనుడివీ నీలివి అని రంగులతో సహా చెప్పి మరీ పంపిస్తాడు. అంత యుద్ధంలో ఒక ఆడపిల్ల బొమ్మల సంగతి మర్చిపోని కథని ఏ అత్తగారూ మధ్యలో ఆపించదు.

ప్రశ్న: కవిత్రయ భారతం మొత్తం సెట్ కొన్నాను. నన్నయ దగ్గరే ఆగిపోయాను, రోజూ పది పద్యాలు కూడా దాటడం లేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, నాలాంటివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలని రూలేమీ లేదు. ముందు కథంతా వచనంలో ఒకసారి చదివెయ్యండి. పురిపండా అప్పలస్వామి గారి వ్యావహారికాంధ్ర మహాభారతం మీకు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కథ మీద పట్టు వచ్చాక పద్యాలకి రండి, అది కూడా తిక్కన దగ్గరికి, విరాటోద్యోగ పర్వాలకి.

కారణం ఉంది. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు అడిగితే ఈ పని ఎత్తుకున్నాడు, ఆది, సభా పర్వాలూ అరణ్యపర్వంలో కొంతా రాశాడు. సంస్కృత సమాసాల జోరు ఎక్కువ, చదువుతుంటే చెవికి ఇంపుగా ఉంటుంది గానీ అర్థం కోసం ఆగాల్సి వస్తుంది. 13వ శతాబ్దంలో నెల్లూరులో తిక్కన విరాటం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఒక్కడే రాశాడు. ఆయన దగ్గర మనుషులు మాట్లాడుకుంటారు, నాటకం చూస్తున్నట్టు ఉంటుంది, ఎవరు ఏ మాట దగ్గర తగ్గారో ఏ మాట దగ్గర కళ్ళెర్ర చేశారో తెలిసిపోతుంది. అరణ్యపర్వంలో మిగిలిన భాగం 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. పూరించి కూడా దాన్ని తన రాజుకి ఇవ్వకుండా, నన్నయ మొదలుపెట్టినట్టే రాజరాజ నరేంద్రుడికే అంకితంగా ఉంచాడు. తనకంటే దాదాపు మూడు వందల ఏళ్ళ ముందటి కవి పనిలో తన పేరు కనపడకుండా కలిసిపోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో ఆలోచించండి!

టీకా తాత్పర్యాలతో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు వేసిన సంపుటాలున్నాయి, మీరు కొన్నది అదే అయితే ఇంకేమీ కొనక్కర్లేదు. ముందు తాత్పర్యం చదివి తర్వాత పద్యం పైకి చదవండి. పైకి చదవడం ముఖ్యం, కళ్ళతో చదివితే పద్యం సగమే దొరుకుతుంది.

ప్రశ్న: తిక్కన భారతంలో భగవద్గీత కోసం వెతికాను, ఏదో రెండు మూడు పేజీల్లో అయిపోయింది. నా పుస్తకంలో పేజీలు పోయాయా? — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పోలేదు. గీతను తిక్కనే కొద్ది పద్యాల్లోకి కుదించాడు, యుద్ధకథ నడక ఆగకూడదని ఆయన చూసుకున్నట్టు నాకనిపిస్తుంది. 18 అధ్యాయాలూ కావాలంటే గీత విడిగా చదువుకోవాల్సిందే.

ప్రశ్న: నాకు భారతంలో కర్ణుడొక్కడే నచ్చాడు. పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా అందరూ కలిసి మోసం చేశారు. మా ఫ్రెండ్స్ గ్రూపులో దీని మీద రోజూ గొడవే. మీరు కర్ణుడి పక్షమా, అర్జునుడి పక్షమా? — డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, ఎన్టీఆర్ గారి కర్ణుణ్ణి చూసి పెరిగిన తరం మాది, కర్ణుడంటే ప్రేమ మాకూ తక్కువేం కాదు. అయితే పుస్తకంలో కర్ణుడు సినిమాలో కర్ణుడికంటే చాలా పెద్దవాడు, చాలా తప్పులు చేసినవాడు కూడా. సభాపర్వంలో ద్రౌపది వస్త్రాలు తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పింది కర్ణుడే. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో ఒకడు, వికర్ణుడు, ఇది అన్యాయం అని లేచి నిలబడితే, చిన్నవాడివి నీకేం తెలుసు అని వాడి నోరు మూయించిందీ కర్ణుడే. ఘోషయాత్రలో గంధర్వులు దుర్యోధనుణ్ణి పట్టుకుపోతుంటే కర్ణుడు అప్పటికే యుద్ధం వదిలి పారిపోయాడు, విడిపించి తెచ్చింది పాండవులు. ఇవి దాచిపెట్టి కర్ణుణ్ణి ప్రేమించడం కంటే, ఇవన్నీ తెలిసి ప్రేమించడం మేలని నా ఉద్దేశం.

ఉద్యోగపర్వంలో ఒక చోటు చెప్తాను, నీ గ్రూపులో ఎవరూ దీని గురించి మాట్లాడుకోరేమో చూడు. రాయబారం చెడిపోయి కృష్ణుడు వెళ్ళిపోతూ కర్ణుణ్ణి తన రథం ఎక్కించుకుంటాడు. నువ్వు కుంతి కొడుకువి, అందరికంటే పెద్దవాడివి, వచ్చి రాజువి కమ్మంటాడు. కర్ణుడు అప్పుడు చెప్పే జవాబు భారతం మొత్తంలో నాకు తెలిసి చాలా గొప్ప మాటల్లో ఒకటి. నన్ను పెంచిన అధిరథుడూ రాధా నా తల్లిదండ్రులు, వాళ్ళని వదలను అంటాడు. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దు, తెలిస్తే వాడు రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని తీసుకెళ్ళి దుర్యోధనుడికిచ్చేస్తాను, ధర్మరాజే రాజుగా ఉండటం మంచిది అంటాడు. ఇంకా చూడు, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవుల్ని అన్న మాటలకి ఇప్పుడు బాధపడుతున్నాను అని కూడా అంటాడు. యుద్ధం ఇంకా మొదలవలేదు, గెలుపెవరిదో తనకి తెలుసు, ఏ పక్షాన చావబోతున్నాడో తెలుసు, చేసిన తప్పు తెలుసు, ఇన్ని తెలిసి కూడా ఉప్పు తిన్న చోటు వదలలేదు. ఆ రథంలో కర్ణుణ్ణి చూశాక నువ్వడిగిన పక్షం ప్రశ్న నాకు చాలా చిన్నదైపోయింది.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని మనం రోజూ వాడే సామెత. ఆ కారణాల్లో కర్ణుడు తానుగా ఎంచుకున్నవి ఎన్నో లెక్క వేసి నీ స్నేహితులతో మాట్లాడు. గొడవ పెరుగుతుందో తగ్గుతుందో నాకు రాయి.

ప్రశ్న: "ఆడదాని నవ్వు వల్లే కురుక్షేత్రం" అని మా ఆఫీసులో ఒకాయన మాటకి ముందు ఒకసారి అంటుంటారు. మయసభలో ద్రౌపది నవ్వకపోతే యుద్ధమే లేదట. దీనికి ఏం జవాబు చెప్పాలి? — బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: వ్యాసభారతం తెచ్చి ఆయన ముందు పెట్టండి. దుర్యోధనుడు స్ఫటికపు నేలని నీళ్ళనుకుని బట్టలు పైకి పట్టుకుంటాడు, తర్వాత నిజం నీళ్ళని నేలనుకుని బట్టలతో సహా అందులో పడతాడు. అప్పుడు నవ్వింది భీముడూ, అర్జునుడూ, కవలలూ, అక్కడి పనివాళ్ళూ. ధర్మరాజు పొడి బట్టలు ఇప్పిస్తాడు. ఆ సన్నివేశంలో ద్రౌపది ఊసే లేదు. ఇంటికి వెళ్ళాక దుర్యోధనుడు తండ్రికి చెప్పుకునేటప్పుడు మాత్రం కృష్ణుడు నవ్వాడు, ఆడవాళ్ళతో కలిసి ద్రౌపది కూడా నవ్వింది అంటాడు, అది అవమానంతో రగిలిపోతున్నవాడు చెప్పిన మాట. గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అని ద్రౌపది అన్నట్టు అందరూ చెప్పుకునే డైలాగు వ్యాసుడు రాయలేదు.

నిజానికి ఆ అసూయ మయసభ కంటే ముందే ఉంది. చిన్నప్పుడు భీముడికి విషం పెట్టినప్పుడు ద్రౌపది ఎక్కడుంది? లక్క ఇల్లు కట్టించినప్పుడు ఎక్కడుంది? అప్పటికి స్వయంవరమే కాలేదు.

ద్రౌపది గురించి ఆలోచిస్తే నాకు నవ్వు గుర్తుకు రాదు, ప్రశ్న గుర్తుకొస్తుంది. సభలోకి రమ్మని దుర్యోధనుడు పంపిన సేవకుడు ప్రాతికామి వచ్చి పిలిస్తే ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. వెనక్కి వెళ్ళి ఆ జూదరిని అడిగి రా, ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా అంది. తనని తాను ముందే ఓడినవాడికి ఇంకొకరిని పణం పెట్టే హక్కు ఎక్కడిది అని. అంత కష్టంలో, ఒంటి మీద ఒక్క చీరతో ఉన్న మనిషి, కోర్టులో లాయరు కూడా అంత సూటిగా అడగలేని ప్రశ్న అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేను అన్నాడు. ద్రోణుడు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకి సభలో జవాబు రానేలేదు, అపశకునాలు వినపడి ధృతరాష్ట్రుడు భయపడి వరాలిస్తాను అన్నాడు గానీ జవాబు చెప్పలేదు.

ఆ వరాలు ఆమె ఎలా అడిగిందో చూడండి. మొదటి వరం, ధర్మరాజుకి దాస్యం తప్పించమని, తన కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకు అనకూడదని. రెండోది, మిగిలిన నలుగురికీ వాళ్ళ రథాలతో ఆయుధాలతో సహా విడుదల. మూడోది కోరుకోమంటే వద్దంది, ఆశ ధర్మాన్ని చెడుపుతుంది, వీళ్ళు విడుదలైతే చాలు మిగతాది వాళ్ళే సంపాదించుకుంటారు అంది. రాజ్యం అడగలేదు. ఆ రోజు ఆ సభలో తలలు దించుకుని కూర్చున్న మగవాళ్ళందర్నీ వదిలేసి నవ్వింది ఎవరు అని వెతకడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఆ మాట మీ ఆఫీసాయనకి నా తరఫున చెప్పండి.

ప్రశ్న: నాకు 72 ఏళ్ళు. పోయిన ఏడాది మా ఆవిడ పోయింది. కాలక్షేపం కోసం భారతం మొదలుపెట్టాను, శల్యపర్వం దాకా ఆగకుండా చదివాను. ఇప్పుడు శాంతిపర్వంలో ఇరుక్కుపోయాను, ముందుకి కదలడం లేదు. దుర్యోధనుడు పోయాక కథ అయిపోయినట్టే కదా, ఇక ఆపేయొచ్చా? మీకు స్త్రీపర్వం ఎందుకు నచ్చిందో కూడా రాయండి. — రిటైర్డ్ టీచర్, అనంతపురం

జవాబు: మాస్టారూ, దయచేసి ఆపకండి. 18 పర్వాల్లో చివరి 8 పర్వాలు యుద్ధం తర్వాతివే. సీరియళ్ళలోనూ సినిమాల్లోనూ వాటికి చోటు తక్కువ, హరికథల్లో కూడా పట్టాభిషేకంతో మంగళం పాడేస్తారు. నేను చెప్పేది ఏమిటంటే భారతం రాయడానికి కారణమే ఆ భాగం. గెలిచాక ఏమవుతుంది అన్నది చెప్పడానికే వ్యాసుడు అంత యుద్ధం రాశాడని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

స్త్రీపర్వం సంగతి. గాంధారి దగ్గరికి పాండవులు వస్తారు. ధర్మరాజు కాళ్ళ మీద పడబోతుంటే ఆమె కంటి కట్టు సందులోంచి అతని వేళ్ళ కొసలు కనపడతాయి, ఆ చూపుకే గోళ్ళు కమిలిపోతాయి. అది చూసి అర్జునుడు కృష్ణుడి వెనక్కి తప్పుకుంటాడు, అంతటి గాండీవధారి! భీముణ్ణి ఆమె అడుగుతుంది, దుశ్శాసనుడి రక్తం తాగావా అని. పెదవులు దాటి లోపలికి పోలేదమ్మా అంటాడు. తర్వాత ఆమె అడిగిన మాట దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసేస్తాను. నూరుగురిలో నీకు కాస్త తక్కువ అపకారం చేసినవాడు ఒక్కడైనా లేడా, ఈ ఇద్దరు గుడ్డివాళ్ళకి చేతికర్రగా ఒక్కణ్ణయినా వదలకూడదా అని. తన కొడుకులు మంచివాళ్ళని ఆమె అనదు, వాళ్ళ తప్పు ఆమెకి తెలుసు. ఒక్క కర్ర వదలమంటుంది, అంతే. ఆ మాట దగ్గర ధర్మయుద్ధం అన్న మాట కూడా నోట్లోనే ఆగిపోతుంది.

ఆ తర్వాత గంగ ఒడ్డున తర్పణాలు వదులుతుంటే కుంతి లేచి, కర్ణుడికి కూడా వదలండి, వాడు మీ అన్న అంటుంది. గెలిచిన ఐదుగురూ అప్పుడు ఓడిపోయారు. శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు అని మొండికేసింది అందుకే, అది చదివి పైపై విరక్తి అనుకోకండి.

శాంతిపర్వంలో ఇరుక్కోవడం చాలామందికి జరిగేదే, రాజధర్మాలూ మోక్షధర్మాలూ వరసగా వస్తాయి కాబట్టి. ఒక పని చేయండి, ఈసారికి కథలు మాత్రం చదువుకుంటూ పోండి. వల తెంచడానికి పిల్లీ ఎలుకా స్నేహం చేసుకున్న కథ, తన పెంటిని పట్టిన బోయవాడికి అతిథి మర్యాద చేసిన పావురం కథ, అవి చాలు. ఉపదేశాలు రెండోసారి చదివేటప్పుడు వాటంతట అవే ఎక్కుతాయి. అశ్వమేధపర్వం చివర ముంగిస కథ మాత్రం వదలొద్దు.

మీరు చేరాల్సింది ఆశ్రమవాస పర్వానికి. మా నాన్నగారు పోయిన తర్వాత నేను చేత్తో పట్టుకున్న మొదటి పుస్తకం అదే, అందుకే మీకు ఇంతగా చెప్తున్నాను. యుద్ధం తర్వాత ధృతరాష్ట్రుడు 15 ఏళ్ళు ధర్మరాజు ఇంట్లోనే ఉంటాడు. ధర్మరాజు తండ్రిలాగే చూసుకుంటాడు, భీముడు మాత్రం ఆయనకి వినపడేలా జబ్బలు చరుచుకుంటూ ఈ చేతులతోనే వాళ్ళని చంపాను అంటుంటాడు. ముసలాయన ఎవరికీ చెప్పకుండా తిండి తగ్గించేసి, నేల మీద పడుకుంటూ, చివరికి అడవికి వెళ్ళిపోతానంటాడు. ముసలితనంలో ఒకరింట్లో ఉండటం అంటే ఏమిటో అంత బాగా రాసినవాళ్ళు నాకు ఇంకెక్కడా కనపడలేదు. కుంతి కూడా కొడుకుల్ని వదిలి ధృతరాష్ట్రుడు, గాంధారిల వెంట బయల్దేరుతుంది. కొడుకులు ఏడుస్తారు, మరి మమ్మల్ని యుద్ధానికి ఎందుకు పురికొల్పావమ్మా అని అడుగుతారు. మీరు దిక్కులేనివాళ్ళు కాకూడదని చేశాను, నా భర్త ఉండగా నేను అనుభవించాల్సింది అనుభవించాను, కొడుకులు గెలిచిన రాజ్యం అనుభవించాలన్న కోరిక నాకు లేదు అంటుంది.

ఆ అడవిలోనే, వ్యాసుడు ఒక రాత్రి గంగలోంచి యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళందర్నీ పైకి రప్పిస్తాడు. భీష్ముడూ ద్రోణుడూ, అభిమన్యుడూ, ఘటోత్కచుడూ, దుర్యోధనుడూ తమ్ములూ, కర్ణుడూ, అందరూ నీళ్ళలోంచి లేచి వస్తారు. ఎవరి మనసులోనూ పగ లేదు. తల్లులు కొడుకుల్నీ, భార్యలు భర్తల్నీ ఒక్క రాత్రి కళ్ళారా చూసుకుంటారు, ధృతరాష్ట్రుడికి ఆ రాత్రి వ్యాసుడు చూపునిస్తాడు, పుట్టాక మొదటిసారి కొడుకుల ముఖాలు చూస్తాడు. తెల్లారగానే వాళ్ళు వెళ్ళిపోతారు. మీ ఉత్తరంలో మీ ఆవిడ గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆ పర్వం చదివాక మీకు రాయాలనిపిస్తే ఇంకొంచెం పెద్ద ఉత్తరం రాయండి మాస్టారూ, అచ్చువేయను, నేను చదువుకుంటాను.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఎనిమిదేళ్ళ బాబుకి రోజూ రాత్రి భారతం కథలు చెప్తున్నాను. ఎవరు గుడ్, ఎవరు బ్యాడ్ అని ముందే చెప్పమంటాడు. ఏకలవ్యుడి వేలు కథ చెప్పాక ద్రోణుడు బ్యాడ్ అని రాత్రంతా పడుకోలేదు. ఇలాంటివి చెప్పకుండా దాటేయాలా? — ఒక తల్లి

జవాబు: దాటేయొద్దమ్మా. వాడు పడుకోలేదంటే కథ వాడిలోకి వెళ్ళింది. సమాధానం చెప్పి సర్దేయాలని చూడకండి, నాకూ బాధగానే ఉందిరా అని ఊరుకోండి. తర్వాత యక్షప్రశ్నలు చెప్పండి. నలుగురు తమ్ముళ్ళూ చచ్చిపడి ఉంటే ఒక్కణ్ణి బతికిస్తాను ఎవరు కావాలి అని యక్షుడు అడుగుతాడు, యుద్ధానికి కావాల్సిన భీముణ్ణీ అర్జునుణ్ణీ వదిలేసి ధర్మరాజు నకులుణ్ణి కోరుకుంటాడు. నువ్వయితే ఎవర్ని కోరుకుంటావురా అని మీవాణ్ణి అడిగి, వాడు చెప్పాకే ధర్మరాజు చెప్పిన కారణం చెప్పండి, కుంతికి కొడుకుగా నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలి కదా అని. గుడ్, బ్యాడ్ గోల కొన్నాళ్ళకి తనే మర్చిపోతాడు.

ప్రశ్న: చివరిదాకా చదివి కోపంతో పుస్తకం మూసేశాను. ధర్మరాజు స్వర్గానికి వెళ్తే అక్కడ దుర్యోధనుడు దర్జాగా సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు, తమ్ముళ్ళూ ద్రౌపదీ నరకంలో ఉన్నారు. ఇంత చదివింది దీనికా? — ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీకు వచ్చిన కోపమే ధర్మరాజుకీ వచ్చింది. వీడున్న స్వర్గం నాకొద్దు, నా వాళ్ళెక్కడున్నారో అక్కడికి తీసుకెళ్ళండి అంటాడు. దేవదూత తీసుకెళ్ళిన దారి చీకటి, కంపు, నడవలేని దారి. అతను కూడా తట్టుకోలేక వెనక్కి తిరుగుతాడు. అప్పుడు గొంతులు వినపడతాయి, కాసేపు ఉండు, నీ మీంచి వచ్చే గాలి మాకు హాయిగా ఉంది అని. ఎవరు మీరు అంటే నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి, నేను ద్రౌపదిని అని ఒక్కొక్కరే చెప్తారు. అప్పుడు ధర్మరాజు దేవతల్నీ, చివరికి ధర్మాన్ని కూడా నిందించాడని వ్యాసుడే రాశాడు. నువ్వెళ్ళిపో, నేను ఇక్కడే ఉంటాను అని దూతని పంపించేస్తాడు.

ఆ తర్వాత ఇంద్రుడు వచ్చి, ద్రోణుడి దగ్గర అశ్వత్థామ విషయంలో చేసిన మోసానికి నువ్వు కాసేపు నరకం చూడాల్సి వచ్చింది, వాళ్ళకీ విముక్తి వచ్చింది అని చెప్తాడు. అది లెక్క సరిపెట్టడం. నా దృష్టిలో ధర్మరాజు జీవితం మొత్తంలో చేసిన గొప్ప పని, ఇంద్రుడు వస్తాడని తెలియకముందు ఆ చీకట్లో ఉండిపోతాననడమే. బహుమతి ఏదీ రాదనుకుని తీసుకున్న నిర్ణయం అది, పైగా అప్పుడు అతను నిలబడింది తమ్ముళ్ళ కోసమే కాదు, కర్ణుడి కోసం కూడా.

స్వర్గారోహణ పర్వం చాలా చిన్నది, ఒక గంటలో అయిపోతుంది. మళ్ళీ తీయండి, ఈసారి దుర్యోధనుడి సింహాసనం దగ్గర ఆగకుండా, ధర్మరాజు వెనక్కి తిరిగిన చోటు నుంచి చదవండి.